తవ్వినచోటల్లా మంట

గౌరవనీయులైన పారిశుద్ధ్య విభాగపు అధికారి గారి సముఖమునకు, చెత్త దిబ్బ వెనుక వీధిలో, మేడమీది గదిలో కుట్టుమిషను పెట్టుకొని జీవించు స్త్రీ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: దిబ్బ మంటకు నా భర్తను బాధ్యునిగా చూపిన తమ నివేదికను సరిచేయుట, అతడు ఆసుపత్రి మంచము దిగులోపల తమరు ఒక్క వాక్యము వ్రాసి యిచ్చుట గురించి.

తమకు విన్నవించుకొనునది ఏమనగా, ఇది నా మూడవ అర్జీ. మొదటిదానికి విషయం అనే పంక్తి లేదని మీ గుమాస్తా తిప్పి పంపినాడు. రెండవదానిలో అంశములకు అంకెలు లేవన్నాడు. అందుచేత ఈసారి మీ గేటు పక్కన కూర్చుండి అర్జీలు వ్రాయు తాతగారి చేత వ్రాయించుచున్నాను. అంకెలు వేయించితిని.

1. గత కొన్ని వారములుగా దిబ్బ లోపల మంట రగులుచున్నది. పైకి పొగ మాత్రమే కనిపించును. కిటికీలు మూసినను, తలుపు సందులలో గుడ్డలు కుక్కినను పొగ లోనికి వచ్చుచున్నది. నేను కుట్టిన తెల్లబట్టలు గిరాకీల చేతికి పోవులోపల బూడిదరంగుకు తిరుగుచున్నవి. నా మేనకోడలు, అనగా మా తమ్ముని కూతురు, ఇంకను నడక రాని పిల్ల, ఊపిరి అందక ఆసుపత్రిలో చేరినది.

2. వీధివారందరము కలిసి ఫిర్యాదు చేయగా, మంట అగ్నిమాపకం వారిదనియు, పొగ కాలుష్యం వారిదనియు, తమది చెత్త మాత్రమేననియు తమ కార్యాలయము సెలవిచ్చినది. అగ్నిమాపకం వారు వచ్చి చూసి, "మంట కనపడితే పిలవండి, ఉత్త పొగకి మేం రాం" అని వెడలిపోయిరి. కాలుష్యం వారి ఫోను నేటికిని మోగుచునే యున్నది. ఆఖరికి పొగకు తల్లీతండ్రీ లేకుండా పోయిరి. పీల్చుటకు మాత్రము మేమున్నాము.

3. ఆ దిబ్బపై తవ్వే యంత్రము నడుపు ఇద్దరు డ్రైవర్లలో నా భర్త ఒకడు. అతనిది మధ్యాహ్నపు డ్యూటీ. కమిషనర్ గారు మరునాడు తనిఖీకి వచ్చుచున్నారని తెలిసి, తమరు స్వయముగా అతనికి ఫోను చేసితిరి. అతడు అన్నము తినుచు, చేయి ఎంగిలి యగుటచే, స్పీకరు పెట్టినాడు.

ఇక్కడ తాతగారు కలానికి మూత పెట్టేశాడు. "ఇది నా చేత్తో రాయలేనమ్మా, రేపు కూడా నేనిక్కడే కూర్చోవాలి" అన్నాడు. అందుచేత ఇక్కడినుంచి నా చేతిరాత. భాష మారితే మన్నించండి.

మీ గొంతు నాకు కొత్త కాదు. మీ ఇంటికొచ్చి మీ పాపకు గౌను కొలతలు తీసుకుంటున్నప్పుడల్లా లోపలి గదిలోంచి వినపడే గొంతే.

"కమిషనర్ గారు వచ్చేసరికి పొగ కనపడకూడదు. తెల్లారగానే ఎక్కి, పొగ వచ్చే చోటల్లా తవ్వి కలిపెయ్" అన్నారు.

"తవ్వితే గాలి తగిలి మంట లేస్తుంది సార్. మట్టి పోస్తే..."

"మట్టి లారీ ఇప్పుడెక్కడిది? చెప్పింది చెయ్. ఏదైనా అయితే నేను చూసుకుంటా."

"సరే సార్" అన్నాడు. మా ఆయన ఎదురు చెప్పే రకం కాదు. కూరలో ఉప్పు లేకపోయినా సరే అని తినే మనిషి. మీతో ఆ ఒక్క ముక్క అనడమే ఆయనకు ఎక్కువ.

4. తెల్లారింది. ఆయన ముఖానికి తడి తువ్వాలు చుట్టుకుని యంత్రం ఎక్కాడు. మా వీధి అప్పటికే మేడల మీద ఉంది, ఆ పొగలో నిద్ర పట్టేదెవరికి? యంత్రం పంజా దిగినచోటల్లా నిలువెత్తు మంట లేచింది. ఇన్నాళ్ళూ దిబ్బ ఎందుకు తగలబడుతోందో ఎవరూ చెప్పలేదు కదా, ఇప్పుడు కళ్ళెదురుగా ఒక మనిషి దొరికాడు. "వాడేరా! వాడే అంటిస్తున్నాడు!" అని మా వీధిలో మాంసం కొట్టు నడిపే ఆయన అరిచాడు. పొద్దుటి డ్యూటీ వేరే డ్రైవరుది కాబట్టి, ఆ తువ్వాలు వెనక మా ఆయన ఉన్నాడని ఎవరికీ తోచలేదు.

ముందు పరిగెత్తింది మా తమ్ముడు. రాత్రంతా కూతురి ముక్కు దగ్గర గొట్టం పట్టుకుని కూర్చుని అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చాడు. వాడు గేట్లకు వెల్డింగ్ చేస్తాడు. షాపులో ఇనుపకడ్డీలకు కొదవ లేదు, వచ్చినవాళ్ళకల్లా తలా ఒకటి అందించాడు.

కేబిన్ అద్దం పగలగొట్టారు. గల్లా పట్టి కిందికి ఈడ్చారు. కిందపడ్డవాణ్ణి కడ్డీతో కొట్టే చప్పుడు మీరు విని ఉండరు. తడిబట్టను బండకేసి బాదినట్టు ఉంటుంది, ఎముక తగిలేదాకా. ఎముక తగిలాక చప్పుడు మారుతుంది. మేడమీద నుంచి విన్నాను, మెట్లు దిగుతూ విన్నాను, దిబ్బ ఎక్కుతూ విన్నాను. చేతులు అడ్డం పెట్టుకుంటే వేళ్ళు విరగ్గొట్టారు. మాంసం కొట్టాయన బూటుకాలితో దవడ మీద తొక్కాడు. "వాడి మంటలోనే వాణ్ణి పడెయ్యండ్రా" అని ఎవడో అన్నాడు. కాళ్ళు పట్టుకుని లాక్కెళ్ళారు. కుడికాలు మోకాలిదాకా మంటలోకి పోయింది. అప్పుడు అరిచిన అరుపుకి తువ్వాలు ఊడింది.

మా తమ్ముడి చెయ్యి గాల్లోనే ఆగింది. "బావా" అన్నాడు. బదులు చెప్పడానికి ఆ ముఖంలో నోరనేది మిగల్లేదు.

నా చేతిలో బట్టలు కోసే పెద్ద కత్తెర ఉంది. మిషను దగ్గర నుంచి లేచి అలాగే వచ్చేశాను. దాన్ని మాంసం కొట్టాయన భుజంలో దించాను. పిడిదాకా దిగింది. లాగి మళ్ళీ పొడవబోతే నా తమ్ముడే పట్టుకున్నాడు. నన్ను పట్టుకున్న ఆ చెయ్యి ముందే ఆగి ఉంటే ఎంత బాగుండేది!

5. ఇందులో ఒక్క ముక్కా మీ నివేదికలో లేదు. కత్తెర దించిన నామీద కేసు లేదు. కడ్డీలు పంచిన తమ్ముడి మీద లేదు. కొట్టినవాళ్ళు పోలీసు కాగితాల్లో 'గుర్తు తెలియని వ్యక్తులు' అట. మా వీధిలో ఎవరింట్లో పాలు విరిగినా అందరికీ తెలుస్తుంది, ఈ గుర్తు తెలియనివాళ్ళు ఎక్కడ అద్దెకుంటున్నారు స్వామీ?

కేసు ఉన్నది దెబ్బలు తిన్నవాడి మీద. "సదరు డ్రైవరు ఎవరి అనుమతియు లేక, స్వంత నిర్ణయముతో దిబ్బను తవ్వి అగ్నికి కారకుడయ్యెను" అని మీరు సంతకం పెట్టారు. స్వంత నిర్ణయమా! మా ఆయన స్వంత నిర్ణయంతో ఏనాడూ చెప్పులజత కూడా కొనుక్కోలేదు.

6. మంచం పక్కన కానిస్టేబుల్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎల్లుండి డాక్టరు పంపించెయ్యగానే జైలుకి తీసుకుపోతాడు. తవ్వమన్నది ఎవరని అడిగితే చెప్పడానికి ఆయన దవడకు తీగలు కట్టి ఉన్నాయి, రాయడానికి వేళ్ళకు కట్లున్నాయి. పసిపిల్లలకు పొగ పెట్టినవాడు వచ్చాడని జైల్లో తెలిస్తే, మా వీధి సగంలో వదిలేసిన పని అక్కడివాళ్ళు పూర్తి చేస్తారు. మా ఆయన్ను నేను మళ్ళీ ప్రాణంతో చూడను. నా భయం ఇదొక్కటే.

తమ్ముడు పక్క వార్డులోంచి పిల్లనెత్తుకుని వచ్చి, బావ కాళ్ళ దగ్గర నిలబడతాడు. మా ఆయన కళ్ళు మూసుకుంటాడు. వాడికి అన్నం పెట్టాలో, వాడి చెయ్యి నరకాలో నాకు తెలియడం లేదు. తోడబుట్టినవాడు. ఆ పిల్ల నన్ను చూసి చేతులు చాస్తుంది. ఎత్తుకుంటే ఊపిరిలో ఇంకా పిల్లికూత వినపడుతుంది. అప్పుడు నాకు వాడి మీద కోపం పోయి మీ మీద వస్తుంది. ఎంత కోపమంటే, మీ ఆఫీసు మెట్లమీద కూర్చుని ఏడవాలని వచ్చి, ఏడవకుండానే తిరిగి వెళ్ళాను.

కావున ప్రార్థించునది ఏమనగా, "దిబ్బను తవ్వమని నేనే చెప్పితిని" అని ఒక్క వాక్యము వ్రాసి, ముద్ర వేసి, ఎల్లుండిలోగా ఆ కానిస్టేబుల్ చేతికి అందజేయవలెను. కొట్టమని మీరు చెప్పలేదు, ఆ మాట ఎక్కడైనా నేనే చెబుతాను. ఏదైనా అయితే చూసుకుంటానన్నారు. అయింది. చూసుకోండి.

చివరి అక్షరము వరకు చిత్తగించవలెను. నడుమ ఎక్కడైనా ఆపినచో మరల మొదటినుండి చిత్తగించవలెను.

ఇప్పటివరకు తమ విధేయురాలు,
తవ్వే యంత్రపు డ్రైవరు భార్య

తా.క.: మీ పాప పుట్టినరోజు గౌను కుట్టడం అయిపోయింది. పొగ పట్టకుండా కవరు మీద కవరు వేసి కట్టి ఉంచాను. ఫోను చేసింది మీరేనని నిన్న ఆసుపత్రి వసారాలో తమ్ముడికి చెప్పేశాను. "అక్కా, ఆయన ఇల్లెక్కడ?" అన్నాడు. తెలియదన్నాను. కాని ఈ గౌను ఎవరిదో వాడికి తెలుసు. ఇవాళ పొద్దున మాంసం కొట్టాయన, భుజానికి కట్టుతోనే, వాడి షాపు ముందు కూర్చుని ఉన్నాడు. ఇంకా చాలామంది ఉన్నారు. కడ్డీలు ఎవరూ కడగలేదు.

ఆ కాగితం ఆసుపత్రికి చేరాక గౌను కోసం ఎవరినైనా మా ఇంటికి పంపించండి. నన్ను మాత్రం తెచ్చి ఇమ్మనకండి. నా వెనక ఎవరెవరు వస్తున్నారో తిరిగి తిరిగి చూసుకుంటూ మీ ఇంటిదాకా నడిచే ఓపిక నాకు లేదు.