బస్సుకి కూడా సెలవే

సలాలా,
జనవరి 1978, ఆదివారం

కృపక్కా,

నీ ఉత్తరం అందింది. గల్ఫ్ కొచ్చాక నేను ఆదివారం ఆరాధన మానేశానని బావగారు బాధపడుతున్నారని రాశావు. మన పాస్టరు బావగారికి నా వందనాలు చెప్పు. ఇక్కడ సెలవు శుక్రవారమనీ, నాకు ఆ రోజూ వార్డులోనే డ్యూటీ అనీ కూడా చెప్పు.

బొంబాయి నుంచి కొందరు యూదులు యోబు సమాధి చూడ్డానికొచ్చి గెస్ట్‌హౌసులో దిగారు. వాళ్ళలో సారాబాయి అనే పెద్దావిడకి బీపీ చూడమని నిన్న శనివారం మేట్రన్ నన్ను పంపింది. వెళ్తే, అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కబుర్లాడుకుంటున్నారు. వాళ్ళకది విశ్రాంతిదినం. పొయ్యి వెలిగించరు, బస్సెక్కరు. వంట ముందురోజే చేసి పెట్టుకున్నారట. వాళ్ళ బస్సు డ్రైవరు కొబ్బరిచెట్ల నీడలో గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. అక్కా, ఊరికే నిలబడున్న ఆ బస్సుని చూసినా నాకు కుళ్ళు పుట్టింది.

బీపీ చూశాక, అలవాటు కొద్దీ ఎంగిలి గ్లాసులు తియ్యబోతే సారాబాయి నా చెయ్యి పట్టుకుంది. "బైఠో బేటీ, ఈరోజు పనివాళ్ళకి కూడా విశ్రాంతే" అంది. కూర్చున్నానో లేదో, బయట హాస్పిటల్ కారు హారన్ కొట్టింది.

నువ్వు చర్చిలో ముందు వరసలో కూర్చుని పాడుతుంటే, ఇంట్లో కోడికూర వండేది మన పనిమనిషి దీనమ్మే కదా? ఆమె కూడా బాప్తిస్మం తీసుకున్నదే. వచ్చే ఆదివారం ఆమెని నీ పక్కన కూర్చోబెట్టుకో. బావగారికి ఆ పూటకి పచ్చడి చాలు.

ఆమె ఎంత హాయిగా కూర్చుందో మాత్రం నాకు రాయకు. చదివి ఓర్వలేను.

డ్యూటీకి కారొచ్చింది.

నీ చెల్లి