నిమ్మళం

పార్వతీ, నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. కొత్త ఫ్యాక్టరీ కోసం మన ఊరు శాంతియుతంగా ఖాళీ చేయమంటూ ఆఫీసరు ఒప్పంద కాగితాలతో వచ్చాడు.

“సంతకం ఎట్టేయ్ బావా, నిమ్మళంగా ఉంటాది” అని మీ తమ్ముడు బతిమాలాడు.

“ఊరికి బదులు ఇత్తామన్న గాజువాక కాలనీలో మనకి నుయ్యి తవ్వినారేటి? తవ్వనీ, అప్పుడు సంతకం ఎడతాను” అన్నాను.

నిఘంటువు చూశాను. నిర్మలం నుంచి నిమ్మళం వచ్చిందట. నీకా సంగతి తెలియకపోయినా, చెరువు నీళ్ల కుండలో చిల్లగింజ అరగదీసి, మట్టి అడుక్కి దిగాక “నిమ్మళించాయి, తాగు” అనేదానివి. జ్వరం తగ్గినా మనం ఆ మాటే అంటాం. భయపడి నోరు మూసుకోవడాన్ని మాత్రం నిమ్మళం అనగా నేనెక్కడా వినలేదు.

రేపు పోలీసులతో వస్తానన్నాడు ఆఫీసరు. రమ్మన్నాను. మన గుమ్మంలోనే కూర్చుంటాను. ఎవరినీ తిట్టను, కొట్టను. లేవను.