బాల్కనీలోంచి బకెట్టు నీళ్ళు

అత్తయ్యా,

చర్చి నుంచి రాగానే ఓవెన్ కట్టేయండి, చిక్కుడు గింజలు మాడిపోతాయి. నెవెనా స్కూలు చొక్కా బాల్కనీ తీగ మీద ఆరేశాను, వాన పడేలా ఉంటే తీయండి.

మంచి పనికి వెళ్ళేవాళ్ళ వెనకాల నీళ్ళు పోస్తారని నాకూ తెలుసు. గుమ్మంలో, ఓ గ్లాసుడు పోస్తారు. ఏడో తరగతి పిల్ల జనరల్ నాలెడ్జ్ క్విజ్ ఫైనల్‌కి వెళ్తుంటే, మూడో అంతస్తు బాల్కనీలోంచి బకెట్టెత్తి కుమ్మరించినవాళ్ళని పిరోత్ ఊరు మొత్తంలో మిమ్మల్నే చూశాను! పైగా "నీళ్ళలా సాఫీగా సాగిపోవాలి, బంగారుతల్లీ!" అని కేకొకటి. నెవెనా నిలువునా తడిసింది. కింద నిలబడ్డ దాని జట్టు కుర్రాడు ఒగ్న్యెన్ ఏమన్నాడో విన్నారా? "బామ్మగారూ, మేం వెళ్ళేది క్విజ్‌కండీ, ఈత పోటీకి కాదు!" మీరేమో బకెట్టు బోర్లించి చర్చికి వెళ్ళిపోయారు.

నెలంతా కూర్చుని రాసుకున్న ప్రశ్నల అట్టముక్కలన్నీ నానిపోయాయి. సిరా కారి నైలూ డాన్యూబూ అమెజానూ ఒకే నదైపోయాయి. ఇప్పుడు దానికి బట్టలు మార్చి టాక్సీలో తీసుకుపోతున్నాను. ఆలస్యమైతే జట్టునే ఆడనివ్వరు.

ఓడితే రాత్రి భోజనాల దగ్గర నన్ను పలకరించకండి. గెలిస్తే మీ బకెట్టు మహిమేనని వీధంతా చాటకండి.

జోరిత్సా

ఇంకో మాట. మొన్న వసంతంలో నేను ఉద్యోగం ఇంటర్వ్యూకి బయల్దేరినప్పుడు మీరు అదే బాల్కనీలో కూర్చుని కాఫీ తాగుతున్నారు. వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చూసుకుంటూనే వెళ్ళాను. ఒక్క చుక్క పడలేదు.