పన్నెండో పేరు

ఫిబ్రవరి 4

‘ఈ రోజు’ కాలమ్ నా మెడకు చుట్టి మూడేళ్లయింది. ఆరో పేజీ అడుగున చిన్న బాక్స్. ఆ తేదీన పుట్టినవాళ్లు, పోయినవాళ్లు, కనిపెట్టినవి, కూలిపోయినవి. పోయినేడాది ఫైల్ తెరిచి ‘యాభై తొమ్మిదేళ్ల కిందట’ అన్నచోట ‘అరవై’ అని దిద్దడమే నా పని. రిపోర్టింగ్‌లో పదేళ్లు కాళ్లరిగేలా తిరిగిన మనిషిని. సరే.

ఇవాళ ఒకావిడ ఫోన్ చేసింది. పందొమ్మిదో తేదీన నూలు మిల్లు తగలబడ్డ సంగతి వేస్తారు కదమ్మా, ఏటా పదకొండుమంది పోయారని రాస్తారు, ఈసారి పన్నెండని రాయండి అంది. ఎవరండీ ఆ పన్నెండో మనిషి అన్నాను. మా అక్క, అంది.

ఇలాంటి ఫోన్లు నెలకి నాలుగైనా వస్తాయి. వదిలించుకోవడానికి, ఆఫీసుకు రమ్మన్నాను.

ఫిబ్రవరి 5

నిజంగానే వచ్చింది. రిటైర్డ్ లెక్కల టీచర్. కుర్చీలో నిటారుగా కూర్చుని, పాఠం చెప్పినట్టే చెప్పుకొచ్చింది.

వాళ్లమ్మ ఆ మిల్లులో పనిచేసేది. నాన్న అప్పటికే లేడు. ఆ రోజు తెల్లవారుజామున అమ్మకు పురుడొచ్చి, ప్రసూతి ఆసుపత్రిలో ఈవిడ పుట్టింది. పనికి రాకపోతే పేరు కొట్టేస్తారని పదహారేళ్ల అక్క అమ్మ టోకెన్ పట్టుకుని, తలమీద కొంగు ముందుకు లాక్కుని ఏడు గంటల షిఫ్టుకు వెళ్లింది. తొమ్మిదింటికి మిల్లు అంటుకుంది. పైకప్పు కూలింది. ఎవరిదీ గుర్తుపట్టే శవం కాదు, లెక్కపెట్టే వీలూ లేదు. హాజరుపట్టీ ముందు పెట్టుకుని, ఎవరు తిరిగి రాలేదో చూసి లెక్క కట్టారు. అమ్మ పేరున్న మనిషి ఇంట్లో బతికే ఉంది. కాబట్టి పదకొండు.

అమ్మ నోరు విప్పలేదు. విప్పితే బదులు మనిషిని పంపినందుకు పని పోతుంది, చంకలో రోజుల పిల్ల. పెద్దది ఏదని అడిగినవాళ్లకి, దూరపు సంబంధం చూసి పెళ్లిచేసి పంపేశానని చెప్పింది. మిల్లు మళ్లీ తెరిచాక ఇరవై రెండేళ్లు అక్కడే పనిచేసింది.

పోయిన నెల, తొంభై మూడేళ్ల వయసులో, ఇంక రెండ్రోజుల్లో పోతుందనగా నిజం చెప్పిందట.

ఒక్క ఉత్తరం ముక్క రాయదేమిటని అరవై ఏళ్లు మా అక్కను తిట్టుకున్నానమ్మా, అంది టీచరమ్మ. ఏడవలేదు.

ఫిబ్రవరి 6

ఎడిటర్‌కు చెప్పాను. డెస్కులో అందరం ఆయన్ని కత్తెర అంటాం. ఆయనకు వినబడేలా కాదు. మొత్తం విన్నాడు. ఆవిడ పుట్టింది ఆ రోజేనని కాగితం ఉందా అన్నాడు. ఐడీ కార్డులో జూన్ 1 అని ఉంది. స్కూల్లో వేసేటప్పుడు వాళ్లమ్మే ఆ తేదీ రాయించింది. పోయిన నెలదాకా ఆవిడా అదే తన పుట్టినరోజనుకుంది. కత్తెర కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కాగితం తెండి, వేద్దాం అన్నాడు.

ఆయన మీద కోపం వచ్చింది. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని.

ఫిబ్రవరి 9

సెంట్రల్ లైబ్రరీ. మిల్లు ప్రమాదం మీద విచారణ రిపోర్టు ఉంది. చివర షిఫ్టు జాబితా. అరవై నాలుగు పేర్లు. పదకొండింటికి పక్కన చుక్క. నలభై మూడోది టీచరమ్మ వాళ్లమ్మ పేరు. ‘క్షేమం’ అని రాసి, పక్కన వేలిముద్ర వేయించుకున్నారు. బాలింత ఉన్న ఇంటికే వెళ్లి వేయించుకున్నారన్నమాట; పిల్ల ఎప్పుడు పుట్టిందని ఎవరూ అడిగినట్టు లేదు.

ఆ వేలిముద్రను చాలాసేపు చూశాను.

ఫిబ్రవరి 10

ప్రసూతి ఆసుపత్రి. పాత రిజిస్టర్లు ఏవీ లేవన్నారు.

ఫిబ్రవరి 11

లేవన్నారు.

ఫిబ్రవరి 13, సాయంత్రం 4

రికార్డు రూము గుమాస్తా నా బాధ పడలేక తాళం తీశాడు. మీరు జలగ మేడమ్ అన్నాడు. థాంక్స్ చెప్పాను. ఇద్దరం ముక్కుకు గుడ్డలు కట్టుకుని మూడు గంటలు దుమ్ములో కూర్చున్నాం. సగం పుస్తకాలు చెదలు తినేశాయి. ఆ ఏడాదిది తినలేదు.

ఫిబ్రవరి 19. ఉదయం 5.40. ఆడపిల్ల. తల్లి పేరు, వృత్తి: నూలు మిల్లు. తల్లిని ఇంటికి పంపిన తేదీ 22.

అయిదూ నలభైకి ఇక్కడ ప్రసవించిన మనిషి ఏడింటికి అక్కడ హాజరు వేయించుకోలేదు. ఇంకెవరో వెళ్లారు. వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు.

ఫొటో తీసుకున్నాను.

ఫిబ్రవరి 14

రెండు కాగితాలూ కత్తెర బల్లమీద పక్కపక్కన పెట్టాను. రెండుసార్లు చదివాడు. బాక్స్‌లో వద్దు అన్నాడు. నా మొహం మాడిపోయింది. మొదటి పేజీలో వేద్దాం, మీ పేరు బైలైన్‌గా, అన్నాడు. ఆ అమ్మాయి పేరేమిటి అని అడిగాడు.

నేను అడగనే లేదు. ఇన్ని రోజులూ ‘అక్క’ అనే అనుకుంటూ తిరిగాను.

టీచరమ్మకు ఫోన్ చేశాను. అక్షరం అక్షరం చెప్పింది, తప్పు పడకుండా. వాళ్లింట్లో ఆ పేరు ఎవరూ పలికేవారు కాదట. పలికితే అమ్మ అన్నం దగ్గర్నుంచి లేచిపోయేదట. సొంత అక్క పేరు గట్టిగా అనడం ఇదే మొదలు అంది. మళ్లీ ఓసారి చెప్పండి అన్నాను. నాకు సరిగానే వినబడింది, అయినా అడిగాను.

ఫిబ్రవరి 18

పేజీ ప్రెస్సుకు వెళ్లింది. ‘ఈ రోజు’ బాక్స్‌లో కూడా పదకొండు కొట్టేసి పన్నెండు చేశాను. మూడేళ్లు తప్పు వేసింది నేనే. ఆ మాట కూడా వార్తలో రాశాను. కత్తెర దాన్ని కత్తిరించలేదు.

ఫిబ్రవరి 19

మధ్యాహ్నం టీచరమ్మ భోజనానికి రమ్మంది, హోటల్‌కి. పేపరు మడిచి సంచిలో పెట్టుకుంది.

వడ్డించే పెద్దాయనతో, ఇవాళ నా పుట్టినరోజండీ అంది. ఎన్నోది అని ఆయన అడిగాడు.

అరవై అంటుందనుకున్నాను. మొదటిది, అంది.

ఆయన నవ్వి, ఇంకొంచెం అన్నం వడ్డించాడు.