క్వామె వదిలిన చోటు

కువైట్ సిటీ, ఆగస్టు 1990, ఆదివారం రాత్రి

ఘనాలో పేరుమోసిన ఓ హాస్టల్ బడిలో మాస్టారుగా పనిచేసిన ఆరేళ్లూ ఒక్క ఆచారం మీదే పోట్లాడాను. పెద్దవాళ్లొస్తే చిన్నవాళ్లు వరుసలో చోటు వదలాలట. బానిసత్వానికి తర్ఫీదు అన్నాను.

ఇరాక్ సైన్యం ఈ ఊరిని ఆక్రమించాక రొట్టెలకూ క్యూలే. ఈరోజు ఆ క్యూలో, ఆ బడిలో నా పాత విద్యార్థి క్వామె తన చోటు నాకిచ్చి, చివరనున్న నా చోటుకు వెళ్లాడు. వద్దని వాదించాను.

"ఉపన్యాసం ఆపు సార్. ఇరాకీ సిపాయి మనల్నే చూస్తాండాడు. తుపాకీకి చెవులుండవు," అన్నాడు పక్కనున్న రాయచోటి డ్రైవర్ మస్తాన్.

కదిలాను. నాతోనే రొట్టెలు అయిపోయాయి.

సగం తీసుకోమంటే, "మా బడివాళ్లం మాస్టారి వంతు ముట్టం సార్," అని వెళ్లిపోయాడు క్వామె. ఇంట్లో అతనికి మూడేళ్ల పాప.

ఆ ఆచారం తప్పని ఇప్పటికీ అంటాను. దాన్ని వాడుకున్నది మాత్రం నేనే. రొట్టె ఇంకా ముట్టలేదు. అతని ఇల్లెక్కడో కూడా అడగలేదు.