కీర్తికి చేసిన ఉగ్గాని

అక్కా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. పొద్దున్నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. వంటింట్లో నిలబడే ఇది రాస్తున్నాను.

గోపన్‌పల్లిలో నా దగ్గరికి వచ్చాక నీ బిడ్డ కీర్తి అన్నం దాదాపు మానేసింది. బడి నుంచి రాగానే చిప్సు, కూల్‌డ్రింకు. నా ఆఫీసు కాల్స్ ముగిసేసరికి ఫోన్‌లో తెప్పించుకున్న బర్గర్. ఈమధ్య నాలుగు మెట్లెక్కినా ఆయాసపడుతుంటే పరీక్షలు చేయించాను. పద్నాలుగేళ్లకే కాలేయంలో కొవ్వు చేరిందన్నారు. డాక్టరమ్మ దాన్ని తిట్టలేదు.

"ఇంట్ల ప్యాకెట్లు పెట్టకుర్రి, కనవడితే చెయ్యి పోతది. బాగ ఆకలి కాకముందే ఏమన్న వండి పెట్టుర్రి. మెల్లగ మారుతది" అని నాతో అంది.

అల్మారా ఖాళీ చేశాను. అప్పట్నుంచి తలుపులు ధడాలున వేస్తోంది, నాతో మాట్లాడటం లేదు. నీ గురించైతే ఎప్పుడూ మాట్లాడదు. నువ్వు పోయాక నిన్నటిదాకా 'అమ్మ' అన్న మాటే దాని నోట రాలేదు.

ఈ ఉదయం ఏం చేయాలో తోచక బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేశాను. ఒక ముద్ద తిని ప్లేటు పక్కకు నెట్టింది.

"ఇట్ల కాదు పిన్నీ."

"మరెట్ల చేయాల?"

వేలితో ప్లేటులోని బొరుగులు కదిపింది.

"దించే ముందు పప్పుల పొడి చల్లాల. అమ్మ అట్లే చేస్తాండె."

నేను దానివైపు తిరగకుండా పుట్నాల పప్పు వేసి చాలాసేపు మిక్సీ తిప్పాను. పొడి మరీ మెత్తగా అయిపోయింది. దాన్నే చల్లి పెడితే కీర్తి రెండోసారి అడిగి పెట్టించుకుంది.