యముడు దొరకని మార్కండేయుడు

మార్కండేయ నగర్ (మొన్నటిదాకా సాలెవాడ),
కరీంనగర్ జిల్లా.
1959 జనవరి.

చిన్ననాటి స్నేహితుడు, బెల్లంపల్లి బొగ్గుబాయిలో దీపాల గది గుమాస్తా ఆశీర్వాదానికి, మగ్గం పక్కన కూర్చుని కైలాసం రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ, రిబ్కమ్మా, పిల్లలూ క్షేమమని తలుస్తాను.

పైన అడ్రసు చూసి బెదరకు. ఇల్లు మారలేదు, వాడ పేరు మారింది. షోలాపూర్ మిల్లులో పనిచేసి వచ్చిన సిద్దిరాములు ఇక్కడ పద్మశాలి సంఘం పెట్టాడు. ప్రెసిడెంటు కూడా తానే. ఎవరుపడితే వాళ్లు మనల్ని "సాలోడా" అని పిలుస్తున్నారని, ఇకమీద "పద్మశాలి" అనే అనాలని తీర్మానం చేయించాడు. పాత పేరు నోట వచ్చినవాళ్లు గుడి ముందు ఊడ్వాలి. ఈ నెలంతా నన్ను కన్న మా అవ్వే ఊడుస్తోంది. "మనం సాలోళ్లం కాకుంటే ఇంకెవ్వలంరా? పేరు మారిస్తే నూలు సన్నగైతదా?" అని చీపురు చేత్తో పట్టుకునే సిద్దిరాములును అడిగింది. దానికి మర్నాడు కూడా ఊడ్చింది.

నిజం చెప్పాలంటే ఆ తీర్మానం నాకు నచ్చింది. మొన్న బజారులో షావుకారు "కైలాసం గారూ" అన్నాడు. వెనక ఇంకెవరన్నా ఉన్నారేమోనని తిరిగి చూశాను.

ఇక చెప్పలేక చెబుతున్న సంగతి. మాఘంలో మార్కండేయ జయంతికి మనం ఆడే భాగోతం ఉంది కదా. మీసాలు రాని నాటి నుంచి నేను మార్కండేయుణ్ణి, నువ్వు యముడివి. మార్కండేయుడు మా కులానికి మూలపురుషుడు కాబట్టి ఈ ఏటి నుంచి అన్ని వేషాలూ మావాళ్లే కట్టాలని సంఘం తీర్మానించింది. నేను అడ్డం చెప్పాను. "నీ దోస్తు మీద మాకేం కోపం లేదన్నా. ఇది మన ఇజ్జత్ సంగతి" అన్నాడు సిద్దిరాములు. ఇజ్జత్ అన్నాక నేనేమనను?

ఏడాదికోసారి ఆ భాగోతానికే మనం కలుసుకునేది. అందులోనూ నాకు ఇదే ఆఖరుసారి. పదహారేళ్ల పిల్లవాడి వేషం నలభై దాటినవాడు కడితే ఎంతకాలం సాగుతుంది? లింగాన్ని కావలించుకుని కూర్చున్నాక లేవడానికి శివుడే చెయ్యివ్వాల్సి వస్తోంది. వచ్చే ఏడు సిద్దిరాములు మేనల్లుడికి ఇస్తారట. నువ్వు చూడ్డానికైనా రా. ముందు వరుసలో చాప వేయిస్తాను.

ఇట్లు,
నీ కైలాసం.

తా.క.: మిషన్ బడి పంతులు బెత్తంతో నేర్పిన రాత భాషలో రాశాను. తప్పులుంటే పంతులును తిట్టుకో, నన్ను కాదు.

*

బెల్లంపల్లి.

స్నేహితుడు కైలాసానికి ఆశీర్వాదం వందనాలు. ప్రభువు కృపవల్ల ఇక్కడ అందరం బాగున్నాం.

చాప వేయిస్తానన్నందుకు సంతోషం. ఎవడో యముడై నీ మెడకు పాశం వేస్తుంటే నేను చాప మీద కూర్చుని పల్లీలు తింటూ చూడాలా?

అయినా మీవాళ్లు నన్ను తీసేశారని గొప్పలు పోవద్దు. అంతకుముందే మావాళ్లు నన్ను మానుకోమన్నారు. మా పాస్టరు పౌలయ్యగారు ఆదివారం ప్రసంగం మధ్యలో వాక్యం ఆపి నా వైపు చూశారు. "దేవుని వేషం వాళ్లకు, భక్తుని వేషం వాళ్లకు, చావు తెచ్చేటోని వేషం మాత్రం మనోనికా? ఇన్నేండ్లసంది ఇదేం అన్యాలం?" అన్నారు. నిజానికి అది వేరే దేవుడి భాగోతం కదా అని అడుగుతారేమోనని భయపడ్డాను. ఆయన అది అడగలేదు, వేషం హోదా అడిగారు. సంఘ పెద్దలంతా కలిసి తీర్మానం చేశారు. మార్కండేయుడి వేషమిస్తేనే నేను రావాలి, లేదంటే ఆ ఊరి పొలిమేర తొక్కగూడదు.

నా ఎత్తుకూ నా గొంతుకూ నేను మార్కండేయుణ్ణయితే యముడే దున్నపోతును వెనక్కి తిప్పుకుని పోతాడు. అది నాకూ తెలుసు. కానీ ఇప్పుడు ఇది నా ఒక్కడి సంగతి కాదు, క్రైస్తవుల పరువు సంగతి. మీకేనా ఇజ్జత్?

ఇట్లు,
ఆశీర్వాదం.

తా.క.: భాగోతం కోసం దసరా నుంచి పెంచిన మీసం అట్లాగే ఉంది. పిల్లలు బడికి పోమని మారాం చేస్తే ఈ వీధి తల్లులు వచ్చి నన్ను పిలుచుకుపోతున్నారు.

*

మార్కండేయ నగర్.

ఆశీర్వాదానికి కైలాసం రాయునది. క్షేమం.

నీ ఉత్తరం చదివి నాకు మనస్తాపం కలిగింది. నీకు యముడి వేషం ఇచ్చింది చిన్నచూపుతో కాదు. మావాళ్లెవరూ కట్టరు కాబట్టి ఇచ్చారు. మూలపురుషుడి మెడకు మా చేత్తో మేమే ఉరి ఎట్లా వేస్తాం? ఆ భయం ఇప్పుడు సంఘానికి తెలిసొచ్చింది. తీర్మానం చేసిన రోజు అందరం చప్పట్లు కొట్టాం. యముడు ఎవరని అడిగిన రోజు ఒక్కొక్కరికీ ఇంట్లో పని గుర్తొచ్చింది. గంగయ్యకు నడుం నొప్పి. దశరథం భార్య పుట్టింటికి పోయింది, యముడి వేషానికీ దానికీ సంబంధం ఏమిటో అతనే చెప్పాలి. చివరికి పర్శరాములును పట్టుకున్నారు. వాడు పాశం చేతికిస్తే పామనుకుని కింద పడేస్తున్నాడు.

ఇక అన్యాయం మాట ఎత్తావు కాబట్టి అడుగుతున్నాను. మీ క్రిస్మస్ నాటకంల మావోడు ఒక్కడన్న ఉన్నడా? గొర్రెలు కాసేటోని వేషమన్న ఇచ్చిండ్రా? మేం నేసిన దుప్పట్లే కప్పుకొని గొర్రెల కాపర్లు అయితరు గద, దుప్పటి నేసినోడు యాదికి రాలేదా? అన్యాలం జరుగుతున్నది మాకు! పేరు మార్చుకుంటే నవ్వుతరు, మావోళ్లకు వేషమిచ్చుకుంటే ఏడుస్తరు. మా అవ్వ నిన్ను ఇంట్లకు పిలిచి అన్నం పెట్టలేదా? నీకు నాకు ఏనాడన్న ఫరక్ చూసిందా? చెప్పు!

ఇట్లు,
కైలాసం.

తా.క.: కోపంలో రాత భాష జారిపోయింది. తిరగరాయడానికి కాగితం లేదు.

రెండో తా.క.: అవ్వ పొద్దున్నే వాకిట్లో నిలబడి "యముడు ఇంకా రాకపాయె" అంటోంది. ఆ మాట విని ఇరుగుపొరుగు ఆమెను చూసి పోవడానికి పండ్లు పట్టుకుని వస్తున్నారు.

*

బెల్లంపల్లి.

మహారాజశ్రీ గౌరవనీయులైన పద్మశాలి కులభూషణ కైలాసం గారి సముఖమునకు, బెల్లంపల్లి క్రైస్తవ సంఘ సభ్యుడు ఆశీర్వాదం వినయపూర్వకముగా వ్రాసుకొను మనవి.

తమరి ఉత్తరము అందినది. తమరి కులమును గాని, నేతను గాని, పేరును గాని నేను ఎన్నడైనను తక్కువ చేసి మాట్లాడియుండిన యెడల క్షమింపగలరు. క్రిస్మస్ నాటకము విషయము పౌలయ్యగారికి నివేదించితిని. పద్మశాలి సోదరులకు గొర్రెల కాపరి వేషము ఇచ్చుటకు అభ్యంతరము లేదనియు, గొర్రెలు మాత్రము మా సంఘమువే ఉండవలెననియు సెలవిచ్చిరి.

తమరి తల్లిగారు నాకు అన్నము పెట్టిన మాట వాస్తవము. ఆ విషయమై నేను ఇంతకంటె ఏమియు వ్రాయజాలను.

భాగోతము జయప్రదముగా జరుగుగాక.

చిత్తగించవలెను,
ఆశీర్వాదం.

తా.క.: రిబ్కమ్మ ఈ ఉత్తరం చదివి "ఎవలు సచ్చిపోయిండ్రు?" అని అడిగింది.

*

మార్కండేయ నగర్.

ఓ ఆశీర్వాదం! కైలాసాన్ని. మంచంలో పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

జయంతి నాడు పొద్దుగూకగానే భాగోతం మొదలైంది. ఊరంతా వచ్చింది. నీకోసం చాప వేయించాను. ఎవరినీ కూర్చోనివ్వలేదు. నేను లింగాన్ని కావలించుకుని, మెడ చాచి, యముడి కోసం చూస్తున్నాను. పర్శరాములు దున్నపోతు ముఖం కట్టుకుని వచ్చాడు. పాశం పైకెత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడి, ఒక్కసారిగా నా కాళ్ల మీద పడ్డాడు. "తప్పైంది తాతా! నా పిల్లలు సల్లగుండాలె! నన్ను గీ సిద్దిరాములు బలవంతం చేసిండు!" అని ఏడుపు. సిద్దిరాములు తెర పక్క నుంచి "వెయ్యిరా పాశం, వెయ్యి!" అని అరుస్తున్నాడు. ఇంతలో శివుడి వేషం కట్టిన హనుమండ్లు త్రిశూలం పట్టుకుని దూకనే దూకాడు. తన్నడానికి యముడేడి? యముడు నా కాళ్లు పట్టుకుని ఉన్నాడు. "మరి నేను వోవాల్నా, ఉండాల్నా?" అని శివుడు నన్నే అడిగాడు. జనం పొర్లి పొర్లి నవ్వారు.

నా ఆఖరు భాగోతం ఇట్లా నవ్వులపాలైందని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు జరిగింది ఆశీర్వాదం, నా మాట నమ్ము. జనం వెనక చీకట్లోంచి ఒక గొంతు లేచింది. "మార్కండా! ఆయువు నిండిందిరా! లే!" పిల్లలు తల్లుల కొంగుల్లో దూరారు. నేను భయానికి లింగాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే అది పీట నుంచి ఊడి నా ఒళ్లోకి వచ్చింది. ఆ గొంతు అచ్చం నీ గొంతే. కానీ నువ్వు బెల్లంపల్లిలో అలిగి కూర్చున్నావు. ఇన్నేళ్లు విని విని యముడికి కూడా నీ గొంతే నచ్చినట్టుంది.

అప్పటి నుంచి జ్వరం. ఆ రోజు ఇంటికి కూడా పోలేక గుడి మండపంలోనే పడుకున్నాను. నా కాలం దగ్గరపడింది. పోయేవాడికి పేరెందుకు, వాడ పేరెందుకు? నిన్ను చూడాలని ఉంది. ఆ "గారు" తీసెయ్యరా. నీ చేతిరాతలో అది చూస్తే నాకు జ్వరం కంటే ఎక్కువ బాధగా ఉంది.

ఇట్లు,
కొద్దిరోజుల
కైలాసం.

తా.క.: సాక్షాత్తు యముడే దిగివచ్చిన కులం ఈ జిల్లాలో మాది ఒక్కటేనని సిద్దిరాములు కొత్త తీర్మానం రాయిస్తున్నాడు.

*

బెల్లంపల్లి.

ఓరి కైలాసం!

లే. మంచం దిగు. అది నేనేరా.

మానుకుందామనే అనుకున్నాను. జయంతి రోజు పొద్దున దీపాల గదిలో ఎవరి దీపం ఎవరికిస్తున్నానో తెలియలేదు. సెలవు చెప్పి రైలెక్కి పెద్దపల్లిలో దిగి బస్సు పట్టుకున్నాను. మా సంఘం వాళ్లు ఎవరన్నా చూస్తారని గొంగడి నెత్తిన కప్పుకుని జనం వెనక నిలబడ్డాను. ఆ ఖాళీ చాప చూశాను. అయినా ముందుకు రావడానికి మొహం చెల్లలేదు.

నువ్వు మెడ చాచి కూర్చున్నావు. పాశం వేసేవాడు లేడు. అందరూ నవ్వుతున్నారు, నువ్వు ఏడుస్తున్నావు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

నువ్వొక మాట అడిగావు. మా అవ్వ నీకు ఫరక్ చూసిందా అని. అప్పుడు జవాబు రాయలేదు, ఇప్పుడు రాస్తాను. చిన్నప్పుడు మీ అవ్వ, శంకరవ్వ, నాకు అరుగు మీదే పెట్టేది, విస్తరాకులో. నువ్వు లోపల తిని మూతి తుడుచుకుంటూ వచ్చేవాడివి. మొదటిసారి యముడి వేషం కట్టిన రోజు నేను ఆకలికి రంగు కడుక్కోకుండానే మీ అరుగు మీద కూర్చున్నాను. శంకరవ్వ చూసి జడుసుకుంది. "యముణ్ని గడప కాడ కూసోబెడితే ఇల్లు వట్టుకొని కూసుంటడు. లోపటికి రా బిడ్డా, తిని పో" అంది. అదే నేను మొదటిసారి మీ గడప దాటడం. ప్రతి ఏడూ అట్లాగే. తిన్న తర్వాతే ఎందుకు రంగు కడుక్కుంటానో నువ్వెప్పుడూ అడగలేదు. రంగంటే నాకు మోజనుకున్నావు. నీ తప్పని అనను, నీకు చూసే అవసరం రాలేదు. వేషం పోయిందని నువ్వు రాసినప్పుడు నాకు మీ ఇల్లు పోయిందనిపించింది. యముడి వేషం అవమానమని పౌలయ్యగారు అంటే అవునన్నాను గానీ, ఈ సంగతి ఆయనకెట్లా చెప్పను?

మొన్న అందరూ నీ చుట్టూ మూగిన సమయంలో ఎవరో వెనక నుంచి నా గొంగడి పట్టుకుని గుంజారు. శంకరవ్వ. గొంతు గుర్తుపట్టి వెతుక్కుంటూ వచ్చింది. "నువ్వేనారా? ఏమన్న తిన్నవా?" అంది. "అవ్వా, ఈయేడు మొఖానికి రంగు లేదు" అన్నాను. గొంగడి వెనక్కి నెట్టి నా ముఖం చూసింది. "రంగేందిరా. నడువు, అన్నం సల్లారుతది" అంది.

మీ నడిమింట్లో, నువ్వు కూర్చునే పీట మీద కూర్చోబెట్టి పెట్టింది. నువ్వు గుడిలో వణుకుతున్నావు. నీకు చెప్తానంటే "ఉండనీ, జర భయపడనీ, సంఘంల చప్పట్లు గొట్టిండు గద" అంది. ఎంత తిన్నానో, ఎంత ఏడ్చానో తెలియదు. పొద్దున బస్సుకు వచ్చేశాను.

మళ్లీ వస్తాను. వేషం ఉన్నా లేకున్నా, రంగు లేకుండా వస్తాను. తలుపు నువ్వు తీయి.

ఇట్లు,
నీ ఆశీర్వాదం.

తా.క.: మీ ఇంట్లో నా పక్కన ఇంకో పీట వేసింది అవ్వ. ఎవరికంటావా? గుంపులో నా పక్కనే ఇంకొకాయన గొంగడి కప్పుకుని నిలబడి, పర్శరాములు కాళ్ల మీద పడ్డప్పుడు "ఛ, ఛ, పాడుచేసిండు!" అని నాకంటే ఎక్కువ బాధపడ్డాడు. గొంగడి జారితే పౌలయ్యగారు. ప్రతి ఏడూ వచ్చి చూస్తారట, నా వేషం బాగుంటుందని. పొలిమేర తొక్కగూడదన్న తీర్మానం గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు. వచ్చే ఏడు చిత్రగుప్తుడి వేషం ఖాళీ ఉందేమో కనుక్కొమ్మని మాత్రం అన్నారు.